15 కిలోల సంచి, 67 ఏండ్ల నడుము

ఆఫ్రికా సఫారీకి పోతున్నామంటే మన ఇళ్ళల్లో మొదట అడిగేది "ఎంతవుతుంది?" అని. రెండోది "తిండి ఎట్లా?" అని. ఒంటి గురించి ఎవరూ అడగరు. పోయిన జూలైలో నాయన, అమ్మ, మేమిద్దరం కలిసి కెన్యాలోని మసాయి మారాకు పోయి వచ్చినాము. తయారీకి మూడు నెలలు పట్టింది. సంచులు సర్దడానికి రెండు రోజులు చాలినాయి, మిగతాదంతా నాయన ఒంటి కోసమే.

మాది కోలారు వైపు. ముత్తాతల కాలంలో పుంగనూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడే నిలిచినాము. నాయన కేఎస్సార్టీసీలో 31 ఏండ్లు డ్రైవరు, అందులో చాలా ఏండ్లు మైసూరు–ఊటీ రూటు. 2009లో బండీపుర అడవిలో రాత్రి బండ్లు నిలిపేయక ముందు, ఆ దారిలో ఏనుగులు హెడ్‌లైటు వెలుగులో కనిపించేవంట. "చూసినాను గానీ, ఆగి చూసింది లేదు. వెనకాల యాభైమంది ఉంటారు కదా" అనేవాడు. ఆ మాట మేము చిన్నప్పటి నుంచీ వింటున్నాము. ఈ ప్రయాణం దానికోసమే. కానీ ఆ డ్రైవరు సీటే ఆయన నడుమునూ మోకాళ్ళనూ అరగదీసింది.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఏది ఎక్కడ ఆగిపోతుందో ముందుగానే కనిపెట్టడం మా ఉద్యోగం. సఫారీలో ఒంటికి ఏమేమి పని పడుతుందో ఒక పట్టీ రాసినాము. చదివింది కన్నడ మీడియం కాబట్టి మాటలు తెలుగు, లిపి కన్నడ. ఎత్తయిన ల్యాండ్ క్రూజర్ ఎక్కాలి. తెల్లారక ముందే బయల్దేరాలి. నాలుగైదు గంటలు కుదుపులు ఓర్చుకోవాలి. బండి పైకప్పు తెరిచినప్పుడు పట్టుకుని నిలబడాలి. చెప్పిన చోట తప్ప కిందికి దిగకూడదు, అంటే ఒంటేలుకు కూడా ఆగాల్సిందే.

ఒక్కొక్కదానికీ ఇంట్లోనే పరీక్ష పెట్టినాము. ఫిజియోథెరపీ ఆమెను అడిగి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం మొదలుపెట్టించినాము. మొదటి వారం నాలుగుసార్లకే ఆయాసం. పొద్దున చెరువుగట్టు మీద నడక 1 కిలోమీటరుతో మొదలై మూడో నెలకు 4కు వచ్చింది. చివరగా పల్లె బస్సులో వెనక సీటు. 31 ఏండ్లు బస్సు నడిపిన మనిషి ఆ సీట్లో కూర్చుని గంటసేపు కుదుపులు తిన్నాడు. దిగి, "పాపం, జనాలు ఇట్లా వచ్చేవాళ్ళా!" అన్నాడు. నడుము పట్టలేదు. కానీ ఆరు గంటల దారి వద్దని ఆరోజే తేల్చుకున్నాము. నైరోబీ నుంచి మారాకు రోడ్డున పోతే ఐదారు గంటలు, చిన్న విమానంలో గంట లోపే.

అసలు చిక్కు టీకా దగ్గర వచ్చింది. కెన్యా నుంచి తిరిగి వచ్చేవాళ్ళకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ ఉండాలని మన దేశంలో నియమం. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. అయితే 60 దాటినవాళ్ళు మొదటిసారి వేయించుకుంటే తీవ్రమైన ఇబ్బంది వచ్చే అవకాశం, అరుదే అయినా, వయసులో ఉన్నవాళ్ళకన్నా ఎక్కువ. అది తెలిసినరోజు అమ్మ "ఏనుగుల కోసం మనిషిని పోగొట్టుకుంటామా? నేను రాను, మీరూ పోవద్దు" అనింది. రెండురోజులు ఇంట్లో మాటల్లేవు. మేము కూడా టికెట్లు రద్దు చేద్దామనే అనుకున్నాము.

డాక్టరు ఇద్దరినీ విడివిడిగా చూసినాడు. గుడ్డు పడదా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారా, పాత జబ్బులేమున్నాయి, అన్నీ అడిగినాడు. అమ్మకు 58, ఆమెకు వెంటనే సరే అన్నాడు. నాయనతో "వేయొచ్చు, కానీ రిస్కు సున్నా అని చెప్పను. నిర్ణయం మీది" అన్నాడు. నాయన అమ్మవైపు చూసి, "ఇన్నేండ్లు ఘాట్ రోడ్డులో రోజూ తీసుకున్నదే కదా" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. ఇద్దరూ వేయించుకున్నారు. నాయనకు ఒకరోజు జ్వరం వచ్చింది. ఆ రాత్రి అమ్మ పడుకోలేదు, మేమూ పడుకోలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే టికెట్ల కన్నా ముందు డాక్టరు దగ్గరికి పోండి. మలేరియా మాత్రలూ ఆయన్నే అడగండి, అవి తిరిగి వచ్చినాక కూడా కొన్నాళ్ళు మింగాలి.

ఇక సంచి సంగతి. చిన్న విమానంలో మనిషికి 15 కిలోలే, చేతిసంచీ అందులోనే. గట్టి సూట్‌కేసు పనికిరాదు, మెత్తటి సంచి కావాలి. ఖాకీ, మట్టిరంగు బట్టలు మూడు జతలు చాలు, ఉతికి ఇస్తారు. ముదురు నీలం, నలుపు వద్దు, ఆ రంగులకు సెట్సీ ఈగలు వస్తాయి. మిలిటరీ చారల బట్టలు అసలే వద్దు, కొన్ని ఆఫ్రికా దేశాల్లో అది నేరం. జూలైలో అక్కడ తెల్లవారుజాము చలి ఊటీ చలే. స్వెటరు, మంకీక్యాపు తప్పనిసరి. మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. ప్లగ్గు మూడు చదరపు పిన్నులది. బైనాక్యులర్ మనిషికొకటి ఉంటే మంచిది, ఒక్కటే ఉంటే సింహం పోయినాక మన వంతు వస్తుంది.

కెన్యాలో ప్లాస్టిక్ కవర్లు 2017 నుంచి నిషేధం. అమ్మ పాత చీర చించి గుడ్డసంచులు కుట్టింది. వాటిలో నిప్పట్లు, పప్పులపొడి. 2 కిలోలు అనుకున్నది తూకంలో 5 వచ్చింది, మూడు తీయించినాము. నిజానికి అంత భయం అక్కర్లేదు. మన దేశం నుంచి పోయి అక్కడే నిలిచిపోయినవాళ్ళ పుణ్యమా అని చపాతీ, చాయ్ స్వాహిలీ మాటలే అయిపోయినాయి. ఆ మాటలు విని అమ్మకు సగం ధైర్యం వచ్చింది.

మూడోరోజు పొద్దున ఏనుగుల మంద ఒకటి దారికి అడ్డంగా వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపేసినాడు. నాయన కమ్మీ పట్టుకుని లేచి, 40 నిమిషాలు నిలబడే ఉన్నాడు. మేము ఏనుగులకన్నా ఆయన మోకాళ్ళనే ఎక్కువ చూసినాము. అవి వణకలేదు.

అమ్మానాయనలను ఎక్కడికైనా తీసుకుపోవాలని మనసులో ఉంటే, డబ్బు కూడేదాకా ఆగకండి. కుర్చీలోంచి లేపడం రేపే మొదలుపెట్టండి.