హాన్ విమానాశ్రయం: బాబాయికి రెండు ఉత్తరాలు

హాన్, జర్మనీ
2010 అక్టోబర్

బాబాయ్,

బీదర్‌లో నువ్వు ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నన్నాళ్లూ మమ్మల్ని రన్‌వే వైపు కన్నెత్తి చూడనిచ్చేవాడివి కాదు. ఇప్పుడు నేను టికెట్టు కొనుక్కుని మరీ యుద్ధవిమానాల స్థావరంలో కూర్చున్నాను.

పేరు ఫ్రాంక్‌ఫర్ట్-హాన్. ఫ్రాంక్‌ఫర్ట్ ఇక్కడికి 120 కిలోమీటర్లు! గుంటూరు విమానాశ్రయమని చెప్పి ఒంగోల్లో దింపినట్టుంది వ్యవహారం. బస్సులో దాదాపు రెండు గంటలు, ఆఖర్న అంతా హున్స్‌రుక్ కొండలూ పొలాలూ. ఇంత మారుమూల ఎందుకు కట్టారంటే, మారుమూల కావాలనే. 1951లో ఫ్రెంచివాళ్లు పని మొదలుపెట్టి మరుసటేడు అమెరికన్లకి అప్పగించారు. తూర్పు నుంచి సోవియట్ సైన్యం వస్తే ముందు రైన్ నది దాటాలి కదా, అందుకని నదికి పడమటగా ఈ కొండ మీద పెట్టారు. ఐరోపాలోని అమెరికా వైమానిక దళంలో ఎఫ్-16లు మొదట వచ్చింది ఇక్కడికేనట. నీకు ఈ ముక్క నచ్చుతుందని తెలుసు.

విమానాలు దాచిన కాంక్రీటు షెల్టర్లు ఇంకా ఉన్నాయి. సైనికులున్న చోట ఇప్పుడు పోలీసు కళాశాల నడుస్తోంది. 1993లో అమెరికన్లు వెళ్లిపోయారు. వాళ్లని నమ్ముకుని బతికిన ఊళ్లకి ఏదో ఒక ఆధారం చూపాలి కాబట్టి ప్రభుత్వం దీన్ని పౌర విమానాశ్రయం చేసింది. 1999లో రయనైర్ విమాన సంస్థ వచ్చింది, జనం వచ్చారు. రన్‌వేని 3,800 మీటర్లకి పొడిగించారు. రాత్రంతా విమానాలు దిగొచ్చు, అందుకే సరుకు విమానాలకి ఈ చోటంటే ఇష్టం. ఇంతా చేసి లాభాల్లేవు. ఫ్రాంక్‌ఫర్ట్ పెద్ద విమానాశ్రయం నడిపే ఫ్రాపోర్ట్ సంస్థ నిరుడు ఇందులో తన వాటాని రాష్ట్ర ప్రభుత్వానికి ఎంతకిచ్చిందో తెలుసా? ఒక్క యూరోకి. ఇక్కడ కాఫీ కూడా రాదు ఆ డబ్బుకి.

పిలుస్తున్నారు, ఉంటాను.

లండన్

బాబాయ్,

క్షేమంగా చేరాను. దిగిన స్టాన్‌స్టెడ్ విమానాశ్రయం కూడా నీ జాతిదే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ల బాంబర్ల కోసం కట్టారు, 1943లో మొదలైంది. ఇదీ ఊరికి దూరమే. కానీ దీని కథ వేరే దారి పట్టింది. 1991లో నార్మన్ ఫోస్టర్ గీసిన కొత్త టెర్మినల్ తెరిచారు, ఆ ఏడే రైలు కూడా వేశారు. దిగి మెట్ల కిందికి వెళ్తే ప్లాట్‌ఫారం. ముప్పావుగంట దాటిందో లేదో లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో ఉన్నాను. హాన్‌కి ఇప్పటికీ రైలు లేదు. లండన్ జనం ఎక్కువ, డబ్బూ ఎక్కువ, ఒప్పుకుంటాను. అయినా నన్నడిగితే హాన్‌కి పొడుగు రన్‌వే కంటే ముందు రైలు పట్టాలు కావలసింది. మిలిటరీ వాళ్లకి జనానికి దూరంగా ఉండటమే పని. ఆ చోటుని జనానికి ఇచ్చాక ఆ దూరం సంగతి ఎవరో ఒకరు చూడాలి కదా. మన దగ్గర కూడా పాత ఎయిర్‌స్ట్రిప్పులు తెరుస్తామని నాయకులు ప్రకటనలిస్తుంటారు, ఊళ్లోంచి అక్కడికి బస్సు ఎలా అన్నది ఒక్కరూ చెప్పరు.

ఇక్కడ అక్క కులాసా. పిన్ని పంపిన కందిపొడి అందింది. తిరుగు ప్రయాణం మళ్లీ హాన్‌కే, విమానం రాత్రి పొద్దుపోయాక దిగుతుంది. ఆ వేళప్పుడు బస్సు ఉంటుందో లేదో బావ ఇంటర్నెట్‌లో వెతుకుతున్నాడు.