సప్పుడు లేని కంప్యూటర్, మా అమ్మ పాటలు

ఈసారి పురుగు మందు ముచ్చట కాదు, సోయా రేటు ముచ్చట కూడ కాదు. పోస్టు జర పొడుగున్నది, రాత్రి బువ్వ తిన్నంక తీరుబడిగ చదువుండ్రి.

పోయిన ఎండకాలం నేను, మా అక్క కొడుకు కలిసి నీళ్లతోని సల్లబడే కంప్యూటర్ ఒకటి ఇంట్ల తయారు చేసినం. నవ్వకుండ్రి. మా ఇంటామె ఇప్పటికే చాలినంత నవ్వింది. "పసుపుకు పెట్టనీకి నీళ్లు లేవు గని కంప్యూటర్‌కు నీళ్లు కావాల్నా" అన్నది.

ఎందుకు చేసినమో ముందుగాల చెప్త. మా అమ్మకు ఎనబై దాటినయ్. ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. 1963ల పోచంపాడు కాడ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నిండినంక ఆ ఊరు గోదావరి నీళ్ల కిందికి పోయింది. ఇండ్లు పోయినయ్, చింతచెట్లు పోయినయ్, మనుషులు తలా ఓ దిక్కు పోయిండ్రు. ఆ ఊర్ల నాట్లప్పుడు, ఇసుర్రాయి కాడ ఆడోళ్లు పాడుకున్న పాటలు మాత్రం మా అమ్మ నోట్ల ఉన్నయ్. బిరుదురాజు రామరాజు గారి అసొంటి పెద్దలు జానపద గేయాల మీద ఉస్మానియాల పరిశోధన చేసి పుస్తకాలు రాసిండ్రు. పుస్తకంల మాటలు దొరుకుతయ్ గని, రాగం ఏడ సాగదీయాల్నో, ఏడ ఊపిరి తీసుకోవాల్నో దొరకది గద.

మా అల్లుడు కరీంనగర్ దిక్కు యూట్యూబ్ జానపద పాటలు తీసేటోళ్లకు పాటలు మిక్సింగ్ చేస్తడు. శివరాత్రికి ఇంటికొచ్చినప్పుడు అమ్మమ్మను కూసోబెట్టి పదకొండు పాటలు పాడిచ్చుకున్నడు. మైకు మంచిది. చీమ నడిచినా వినబడే మైకు. మాకు కష్టం వచ్చింది కూడ గందుకే. అమ్మ గొంతు సన్నబడ్డది, మైకు సౌండు బాగ పెంచితె గని దొరకది. ఇంట్ల గట్టి తలుపున్న అర్ర ఒక్కటే, అమ్మ, మైకు, కంప్యూటర్ అన్నీ అండ్లనే. పాట వింటే వెనుకనుంచి ఒకటే గుయ్యి... కంప్యూటర్ ఫ్యాన్ల సప్పుడు. సాఫ్ట్‌వేర్‌తోని ఆ సప్పుడు తీసేసిండు. తీసినంక అమ్మ గొంతు రేకు డబ్బలకెళ్లి వచ్చినట్టున్నది. అది మా అమ్మ కాదు అన్న నేను.

అప్పుడు చెప్పిండు, "మామా, నీళ్ల కూలింగ్ పెడుదమా" అని. నాకు సమజ్ కాలె. బొమ్మ గీసి చూపెట్టినంక నవ్వొచ్చింది. ఇది మన పాత ఆయిల్ ఇంజనే కదరా అన్న.

యాభై దాటినోళ్లకు యాదికుంటది. గోదావరి ఒడ్డుకు ఐదు హార్స్ పవర్ డీజిల్ ఇంజన్ పెట్టి నీళ్లు గుంజేటోళ్లం. గుంజిన నీళ్లల్ల కొన్ని సన్న పైపుతోని ఇంజన్ లోపలికి పోయి, వేడి గుంజుకొని, ఇంకో దిక్కునుంచి ఉడుకుగ బయట పడేటియి. సలికాలం పొద్దుగాల ఆ నీళ్లతోనే కాళ్లు చేతులు కడుక్కునేటోళ్లం. కంప్యూటర్ల కూడ గంతే. మెదడు అసొంటి చిప్పు మీద రాగి దిమ్మె ఒకటి బిగిస్తరు, దాని లోపల సన్న సన్న సాళ్లుంటయ్. ఆ సాళ్లల్లకెళ్లి నీళ్లు పోతయ్. ఇంజన్ నీళ్లు పొలానికి పోయేటియి, ఇవ్వి మాత్రం ట్రాక్టర్ల తీరుగ రేడియేటర్‌కు పోయి, సల్లబడి, మల్ల తిరిగొస్తయ్.

నీళ్లెందుకు, గాలి సాలదా అంటరేమో. లీటరుకు లీటరు లెక్క చూస్తే గాలి కంటె నీళ్లు మూడు వేల రెట్లకు మించి వేడి మోస్తయ్. మా చిప్పు గట్టిగ పని చేస్తే 120 వాట్ల దాంక వేడి పుట్టిస్తది. నిమిషానికి ఒక్క లీటరు నీళ్లు తిరిగినా, దాని మీదికెళ్లి పోయేటప్పుడు నీళ్లు రెండు డిగ్రీలు కూడ వేడెక్కయ్. అయితే ఒకటి యాదుంచుకోండ్రి, నీళ్లు వేడిని మాయం చెయ్యయ్, ఒక తాన నుంచి ఇంకో తానకు మోస్తయ్. ఆఖరుకు ఆ వేడి గాలిలకే పోవాలె. రేడియేటర్ పెద్దగ ఉంటే ఫ్యాను మెల్లగ తిరిగినా సాలు. ఫ్యాను స్పీడు సగం చేస్తే సప్పుడు దగ్గర దగ్గర 15 డెసిబెల్స్ తగ్గుతదట. అసలు కిటుకు అదే.

ఇది కొత్త పని కూడ కాదు. మన రైతులకు వాన ముచ్చట చెప్పనీకని 1980ల చివర్ల ఢిల్లీకి అమెరికా నుంచి తెప్పిచ్చిన క్రే ఎక్స్-ఎంపీ సూపర్ కంప్యూటర్‌ను ఫ్రిజ్‌ల ఉండే అసొంటి ఫ్రియాన్‌తోని సల్లబరిచేటోళ్లు. 2004ల యాపిల్ కంపెనీ పవర్ మ్యాక్ జీ5 అని టేబుల్ కాడ పెట్టుకునే కంప్యూటర్‌లనే నీళ్ల కూలింగ్ పెట్టి అమ్మింది. సొంతంగ చేసుకునేటోళ్లు మొదట్ల కార్ల హీటర్లల్ల ఉండే సన్న రేడియేటర్లు తెచ్చి బిగిచ్చుకున్నరట. అది విని నేను కూడ పాత ఇనుప సామాను దుకాణంల కారు రేడియేటర్ ఒకటి బేరం చేసి తెచ్చిన. అల్లుడు ముట్టుకోనియ్యలె. అది అల్యూమినియం, చిప్పు మీద దిమ్మె రాగి. రెండిటి నడుమ ఒకటే నీళ్లు తిరిగితే అల్యూమినియాన్ని తినేస్తది. 400 రూపాయలు నాయి పోయినయ్.

సామానుకు, అంటే దిమ్మె, పంపు, మూడు ఫ్యాన్ల రేడియేటర్, పైపులు, బిరడలు, అన్నిటికి 30 వేల దాంక అయింది. కంప్యూటర్ ఖర్చు వేరే. నిజామాబాద్ యార్డుల పసుపు అమ్మిన పైసలల్లకెళ్లి తీసిన. ఇంట్ల రెండు రోజులు మాటల్లేవు.

బిగిచ్చుడు మన రైతులకు కష్టం కాదు, డ్రిప్పు పైపులు అతికినోళ్లం. గని మన అలవాట్లు కొన్ని ఇడిసిపెట్టాలె. నేను మరలకు సుతిలి చుట్టి సఫేదా పూస్త అన్న. వద్దన్నడు, రబ్బరు రింగే నీళ్లు ఆపుతదట, చేత్తోని బిగిస్తె సాలట. బోరు నీళ్లు పోద్దామన్న. వద్దన్నడు. మన బోరు నీళ్లు కాగబెడితే గిన్నెకు తెల్లగ పొర కడ్తది గద, ఆ సన్న సాళ్లల్ల అదే కడ్తే కతం. ఇన్వర్టర్ బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, తుప్పు పట్టకుంట, పాచి పెరగకుంట మందు కలిపినం. నల్ల పైపులే తీసుకున్నం, ఎలుతురు తగిలితే చెరువుల తీరుగ పాచి కడ్తది.

నింపినంక కంప్యూటర్ బంద్ పెట్టి, ఒట్టి పంపు ఒక్కటే ఒక రాత్రి ఒక పగలు నడిపినం. అతుకులన్నిటి కింద పేపర్ ముక్కలు పరిచినం. తెల్లారి చూస్తే ఒక ముక్క మీద రూపాయి బిళ్లంత తడి. రింగు మెలిపడ్డది. అదే కరెంటు పెట్టి ఉంటే నా పసుపంత పోతుండె.

ఇంక సప్పుడు పోయిందా అంటే పోలె. లోపల గాలి ఉండి గుడగుడ అంటున్నది. మోటర్ పైపుల ఎయిర్ లాక్ తీసినట్టు డబ్బను అటిటు వంచి వంచి గాలి తీసినం. పంపు టేబులుకు తగిలి జుయ్యిమంటుంటే కింద స్పాంజి ముక్క పెట్టినం. ఆఖరుకు మిగిలింది ఎండ. ఇంగ్లీషోళ్ల లెక్కలన్ని సల్లటి అర్రల లెక్కలు. బాసరల మే నెలల అర్ర లోపలనే 40 దాటుతది, మైకు పెట్టినప్పుడు కూలర్ బంద్ పెట్టాలె. రేడియేటర్ ఎంత పెద్దదైనా నీళ్లు అర్ర కంటె సల్లగ కావు. ఐసు నీళ్ల బకీట్ల ముంచుదమా అని నేనన్న. రంజన్‌కు చెమట పట్టినట్టు చిప్పు చుట్టూత చెమట పడ్తది, వానకాలమైతే ఇంకా ఎక్కువ అన్నడు. అప్పుడు నేను గోడ చూపెట్టిన. దాని వెనుక వసారల ఎండ పడది. గోడకు రెండు తూట్లు పొడిచి, పైపులు అవుతలికి తీసి, రేడియేటర్‌ను దాని ఫ్యాన్లతోనే వెనుక వసారల గోడకు కొట్టినం. లోపల ఫ్యానే లేదు. కరెంటిచ్చే పవర్ సప్లయ్‌ది కూడ బరువు తక్కువున్నప్పుడు తిరగకుంట ఉండే రకం. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టినం, అండ్ల తిరిగే సామానే ఉండది.

కంప్యూటర్ సప్పుడు పోయినంక ఊరి సప్పుడు వినబడ్డది. గోడ గడియారం, పక్కింటి ఫ్రిజ్, గోదావరి బ్రిడ్జి మీద రైలు, పొద్దుగాల గుడి మైకు. రాత్రి ఒంటి గంటకు గడియారం సెల్లు తీసి, ఇంట్ల మెయిన్ స్విచ్ కట్టేసి, కంప్యూటర్‌ను ఇన్వర్టర్ మీద నడిపినం.

ఇగ నాకు మనసుల ముల్లు తీరుగ ఉన్న మాట. శివరాత్రి నుంచి మే దాంక మేము ఈ సామాను ఎంబడి పడ్డం. నడుమ అమ్మకు జ్వరమొచ్చి నెల రోజులు మంచం పట్టింది. లేసినంక పదకొండు పాటలల్ల నాలుగే సక్కగ వచ్చినయ్. మిగితయి సగంల ఆగిపోతున్నయ్, "ఏందిరా మర్సిపోయిన" అంటది. ఆ ఏడు పాటలు ఇప్పుడు గుయ్యి సప్పుడు ఎనుకనే ఉన్నయ్. పొడుగు వైరు పెట్టి కంప్యూటర్‌ను పక్కింట్ల పెట్టుకున్నా శివరాత్రికే పని అయిపోతుండె. అల్లుడు రోజు అదే అర్రల పని చేసుకునేటోడు కాబట్టి వానికైతే ఈ ఖర్చు సార్థకమే. మీ ఇంట్ల ముసలోళ్లున్నరు, వాళ్ల గొంతు ఒక్కటే కావాలంటే మాత్రం ఇదంత పెట్టుకోకుండ్రి. ఫ్యాన్ బంద్ చేసి, ఫోను దిండు మీద పెట్టి, ఈ రాత్రికే పాడిచ్చుకోండ్రి.

నాలుగు పాటలు ఎట్లొచ్చినయంటే, పాట పాటకు నడుమ అమ్మ గుటక మింగుడు వినబడ్తది, గాజులు మెదులుడు వినబడ్తది. తెల్లారి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపిస్తే చానసేపు ఏం మాట్లాడలె. "ఇది మా అమ్మ గొంతు గదరా" అన్నది. నీ గొంతేనే అంటే నమ్మలె.

మొన్న కంప్యూటర్ మూత తీసి చూస్తే నీళ్లు ఒక వేలంత తగ్గినయ్, పైపులల్లకెళ్లి కొంచెం కొంచెం ఆవిరైతయట. పోసి మూత పెట్టిన. మిగిలిన పాటలల్ల రెండు యాదికొస్తున్నయని అమ్మ అంటున్నది. వరి కోతలకు అల్లుడు వస్త అన్నడు, అప్పుడు మల్ల కూసుంటం.