తెలివైన గోడకు లెక్క అడుగుదాం

కొండల చాటున సిగ్నల్ అందని చోట్లకు "తెలివైన గోడలు" వస్తాయట. అసలు పేరు రీకాన్ఫిగరబుల్ ఇంటెలిజెంట్ సర్ఫేస్. పేరు ఎంత పొడుగైతే మనవాళ్ళకు నమ్మకం అంత ఎక్కువ. హేతువాదులు ముందు లెక్క అడగాలి.

ఆ పలకమీద వందల లోహపు ముక్కలుంటాయి. డయోడ్ల ద్వారా వోల్టేజి మార్చితే, ఒక్కో ముక్కనుంచి తిరిగొచ్చే తరంగపు ఫేజ్ మారుతుంది. అన్నీ ఒకే దిక్కున కలిసేలా సర్దితే సిగ్నల్ మలుపు తిరుగుతుంది. కదపకుండానే తిప్పగల అద్దమన్నమాట. అందులో తెలివీ లేదు, మహిమా లేదు.

అండమాన్ సంగతి చూడండి. 2020 దాకా ఈ దీవులకు ప్రధానంగా శాటిలైటే దిక్కు. అది 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకెళ్ళి కిందికి దిగడానికే పావు సెకను. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. ఖర్చు సుమారు 1,224 కోట్లు. అందులో వెలుగు ఒడ్డు చేరడానికి సెకనులో వందో వంతుకు కాస్త ఎక్కువ పడుతుంది. ఈ పని ఏ గోడా చెయ్యలేదు. ట్యాంకులో నీళ్ళు లేకపోతే కుళాయి తిప్పి లాభమేమిటి?

కేబుల్ వచ్చాక మిగిలింది టవర్‌నుంచి ఫోన్ దాకా ఉన్న దూరం. నడుమ కొండ, అడవి. గోడకు పని ఉంటే ఇక్కడే. డిఫెన్స్ అకౌంట్స్‌లో రిటైరైన నాకు రేడియో ఇంజనీరింగ్ రాదు, గుణకారం వచ్చు. టవర్‌నుంచి పలకకు, పలకనుంచి ఫోనుకు ఉన్న దూరాలను గుణించి, వర్గం చేస్తే నష్టం తెలుస్తుంది. మొత్తం 200 మీటర్లనుకోండి. పలక నట్టనడుమ ఉంటే 100 × 100. ఫోనుకు 10 మీటర్లలో ఉంటే 190 × 10. వర్గాలు చూస్తే నష్టం దాదాపు 28 రెట్లు తగ్గింది!

"మరి వాస్తువాళ్ళూ స్థలం, దిక్కు ముఖ్యమనే అంటారుగా?" అనొచ్చు. అంటారు. కానీ మీటరు పెట్టనివ్వరు. ఇక్కడ పలక ఆపి ఒకసారి, నడిపి ఒకసారి, అంతే సైజు మామూలు రేకు పెట్టి ఇంకోసారి కొలవవచ్చు. రేకుతోనే పని జరిగితే ఖరీదైన పలక ఎందుకు?

ప్రజల డబ్బుతో ఏ పంచాయతీలోనైనా ఇలాంటి పలక పెడతామంటే ఈ మూడు కొలతలూ అడగండి. చూపిస్తే సైన్సు. చూపించకపోతే అది కొత్త రకం తాయెత్తు.