సాటి ప్రయాణికుడిగా మనమేం చేయాలి?

కొన్నేళ్ల క్రితం పార్లమెంటు శీతాకాల సమావేశాలు ముగిసిన మర్నాడు ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు బయలుదేరాను. బోర్డింగ్ గేటు వద్ద వరుసలో నాకు కొంచెం ముందుగా ఒక వృద్ధ దంపతులు నిలుచున్నారు. వారి చేతిసంచీ బరువు ఎక్కువైందనీ, అదనపు రుసుము కట్టాలనీ ఉద్యోగి ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి హిందీలో చెబుతున్నాడు. ఆ పెద్దాయనకు రెండూ రావు. అడిగినప్పుడల్లా బోర్డింగ్ పాసునే మళ్లీ చూపిస్తున్నాడు. మూడోసారి ఆ ఉద్యోగి పాసు లాక్కుని బల్ల మీద పడేసి, పక్కకు తప్పుకొమ్మని గద్దించాడు. వెనుక నుంచి ఎవరో విసుక్కున్నారు. నేను ఫోన్‌లోకి చూస్తూ నిలబడ్డాను. నాకు మూడు భాషలూ వచ్చు. రెండు వాక్యాలు అనువదిస్తే తీరిపోయే వ్యవహారమది. వారు అందరికంటే చివర విమానం ఎక్కారు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నా వరుస దాటి వెళ్లింది. ఆ రాత్రి నేను రాసి పంపిన వ్యాసం పౌరహక్కుల గురించి. బాగుందని నలుగురు ఫోన్ కూడా చేశారు.

ఎందుకు నోరు మెదపలేదని తర్వాత చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. రైలు పెట్టెలో ఒక ముసలమ్మను ఎవరైనా కసిరితే పదిమంది కలగజేసుకుంటారు. అదే పదిమంది విమానాశ్రయంలో అపరిచితులైపోతారు. నాగరికత అంటే మౌనమన్న భ్రమ కొంత, భయం కొంత. 2017లో ఒక పార్లమెంటు సభ్యుడు ఎయిర్ ఇండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టిన ఉదంతం తర్వాత, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అదే ఏడాది కఠిన నిబంధనలు తెచ్చింది. మాటలతో వేధిస్తే మూడు నెలల వరకు, చేయి చేసుకుంటే ఆరు నెలల వరకు, ప్రాణాపాయం కలిగిస్తే రెండేళ్లు, ఆపైన నిషేధం. (ఆ సభ్యుడిపై ఎయిర్ ఇండియా విధించిన నిషేధం మాత్రం రెండు వారాలకే తొలగిపోయింది.) ఆ నిబంధనలు అవసరమే. తలుపులు మూసుకున్నాక పైలట్ మాటే శాసనం కావడమూ అవసరమే. కానీ ‘ఏమైందండీ?’ అని మర్యాదగా అడగడం ఆ మూడు నేరాల్లో దేని కిందకూ రాదు. ఈ సంగతి ఆ రోజు నాకు తెలియక కాదు.

2022 మే 7న రాంచీ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది ప్రత్యేక అవసరాలున్న ఒక బాలుణ్ణి విమానం ఎక్కనివ్వలేదు. అతడి ఆందోళన వల్ల ఇతర ప్రయాణికులకు ప్రమాదమన్నది వారి వాదన. ఆ ‘ఇతర ప్రయాణికులే’ ముందుకు వచ్చి తమకు ఏ అభ్యంతరమూ లేదన్నారు. అదే విమానంలో వెళ్లవలసిన వైద్యులు కొందరు దారిలో బాలుణ్ణి తాము చూసుకుంటామన్నారు. దివ్యాంగుల పట్ల వివక్ష చూపరాదన్న సుప్రీంకోర్టు తీర్పుల వార్తలను ఫోన్లలో తీసి చూపించారు. నిజానికి 2012లో కోల్‌కతాలో గోవా వెళ్లే విమానం నుంచి సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను దింపివేసినందుకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2016లో సుప్రీంకోర్టు స్పైస్‌జెట్‌ను ఆదేశించింది. అయినా రాంచీలో సిబ్బంది వినలేదు. తల్లిదండ్రులూ, బాలుడూ ఆగిపోయారు. మిగిలినవారు విమానమెక్కి వెళ్లిపోయారు.

అక్కడితో చూస్తే అది ఓటమే. కానీ ఒక సాటి ప్రయాణికురాలు తాను చూసిందంతా పూసగుచ్చినట్లు రాసి లోకం ముందు పెట్టారు. డీజీసీఏ విచారణ జరిపి అదే నెలలో ఇండిగోకు 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. జులైలో నిబంధనలే మారాయి. ప్రయాణికుడి ఆరోగ్యంపై సందేహం ఉంటే విమానాశ్రయ వైద్యుడు పరీక్షించి చెప్పాలి తప్ప, వైకల్యం పేరుతో సిబ్బంది తమంతట తామే నిరాకరించడానికి వీల్లేదు. గేటు దగ్గర ఓడిన వాదన, సాక్ష్యం వల్ల ఆలస్యంగానైనా గెలిచింది.

కెమెరా కూడా సాక్ష్యమే. 2017 ఏప్రిల్‌లో షికాగోలో యునైటెడ్ విమానం నుంచి ఒక వైద్యుణ్ణి ఈడ్చుకెళ్లినప్పుడు, తప్పు ఆయనదేనన్నట్లు సంస్థ అధిపతి తన ఉద్యోగులకు లేఖ రాశారు. ప్రయాణికులు తీసిన వీడియోలే లేకపోతే ఆ కథనమే నిలిచేది. అయితే అందరూ ఫోన్లు పట్టుకుంటే, అవమానపడ్డ మనిషి పక్కన నిలబడేదెవరు? 2025లో ముంబై నుంచి కోల్‌కతా వెళుతున్న విమానంలో ఆందోళనతో వణికిపోతున్న వ్యక్తిని మరొకడు చెంపమీద కొట్టాడు. ఎందుకు కొట్టావని తోటివారు నిలదీశారు, అది మెచ్చవలసిందే. కానీ దెబ్బతిన్నవాడి ముఖాన్ని కూడా దేశమంతా చూసింది. ఆయన అనుమతి ఎవరడిగారు?

1893లో పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో గాంధీని రైలు నుంచి దింపేసిన ఘట్టం మనందరికీ పాఠాల్లో ఉంది. అదే ప్రయాణంలో తర్వాత జరిగింది ఉండదు. గుర్రపు బండిలో వెళుతుండగా బండి నిర్వాహకుడు ఆయనను కాళ్లు పెట్టుకునే పలక మీద మురికి గోనెపై కూర్చోమన్నాడు. కాదంటే కొట్టి కిందికి లాగబోయాడు. బండిలోని తెల్లజాతి ప్రయాణికులు కొందరు ఆయనను కొట్టవద్దన్నారు. అక్కడ కాకపోతే తమ పక్కన కూర్చోనివ్వమన్నారు. అతడు గొణుగుతూనే చేయి వదిలాడు. వారెవరూ అతడి మీద చేయి చేసుకోలేదు. గాంధీ తన ఆత్మకథలో ఇదంతా రాసుకున్నారు.

ఈ మధ్య శంషాబాద్‌లో పసిబిడ్డతో ఉన్న ఒక తల్లికి, టిక్కెట్టు ఉన్నా సీటు లేదన్నారు. ఈసారి వెళ్లి పక్కన నిలబడ్డాను. ముందుగా స్వచ్ఛందంగా సీటు వదులుకునేవారిని అడగాలనీ, గంటలోపు బయలుదేరే మరో విమానం చూపకపోతే పరిహారం ఇవ్వాలనీ నిబంధన ఉంది కదా అని అడిగాను. కౌంటర్ వెనుక అమ్మాయికి ఇరవై మూడేళ్లుంటాయేమో. ఆ సీట్లు అమ్మింది ఆమె కాదు. గొంతు పెంచకుండా ఉండడానికి నాకూ కష్టమైంది. ఆమె లోపలికి వెళ్లి అధికారిని పిలుచుకొచ్చింది. ఈలోగా నా విమానానికి చివరి పిలుపు వచ్చింది. నా ఫోన్ నంబరు, చూసినదాని సమయం ఒక కాగితం మీద రాసి, ఫిర్యాదు చేస్తే సాక్షిగా నా పేరు ఇవ్వమ్మా అని ఆ తల్లి చేతిలో పెట్టి పరుగెత్తాను. ఆమె ఇంకా ఫోన్ చేయలేదు.