చెల్లెలి కారు, మా ఘాట్ రోడ్డు

మా చెల్లెలు మిషిగన్‌లో ఉంటుంది. వాళ్ళకో పాత కారుంది. 2013 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారట దాన్ని. అంటే ఇంటి గోడకున్న ప్లగ్గులో వైరు పెట్టి ఛార్జింగ్ చేసుకోవచ్చు, పెట్రోలూ పోసుకోవచ్చు. ఛార్జింగ్ మీద ఓ ముప్పై కిలోమీటర్లు నడుస్తుంది. అది అయిపోగానే పెట్రోలు ఇంజిన్ అందుకుంటుంది. మన రోడ్ల మీద ఈ రకం దాదాపు కనబడదు.

ఆ కారులో మా చెల్లికి అన్నిటికంటే నచ్చింది దాని యాప్. పొద్దున్న వంటింట్లో పాలు కాస్తూ ఫోన్‌లో ఓ బటన్ నొక్కితే, బయట మంచులో ఉన్న కారు లోపల హీటరు తనంతట తనే వేసుకునేది. వైరు గోడకి పెట్టే ఉంటుంది కాబట్టి ఆ కరెంటుతోనే వేడెక్కేది. బ్యాటరీ ఖర్చు లేదు, ఇంజిన్ పొగ లేదు. మైనస్ పదిహేను డిగ్రీల చలి, ఇంట్లో మూడు నెలల పసివాడు. వాడిని దుప్పట్లో చుట్టి బయటికి తీసుకెళ్ళేసరికి కారు వెచ్చగా ఉండేది. "పురిటి గదిలా ఉంటుందక్కా" అనేది.

2022 చలికాలంలో ఓ రోజు ఆ బటన్ పనిచేయలేదు. తర్వాత ఎప్పుడూ పనిచేయలేదు. కారు ఎక్కడుందో చూపించే మ్యాపు, ఛార్జింగ్ ఎంత ఎక్కిందో చెప్పే గీత, తలుపులు ఫోన్‌తో తాళం వేసే సౌకర్యం, అన్నీ ఒక్కసారే పోయాయి.

కారుకి ఏ రోగమూ లేదు. సంగతేమిటంటే, ఇలాంటి కార్ల లోపల సెల్‌ఫోన్‌లో ఉన్నట్టే ఓ చిన్న మోడెమ్ ఉంటుంది. దాని కారులో ఉన్న మోడెమ్‌కి 3జీ తప్ప ఇంకోటి రాదు. ఆ ఏడాది అమెరికాలో మూడు పెద్ద నెట్‌వర్కులూ వరసగా 3జీని ఆపేశాయి. ఫిబ్రవరిలో ఒకటి, జూలైలో ఒకటి, డిసెంబరు ఆఖరుకి మూడోది. ఆ తరంగాల్ని 4జీకి, 5జీకి వాడుకోవాలి కదా. ఫోన్లంటే జనం రెండేళ్ళకోసారి మార్చేస్తారు. కారుని అలా మారుస్తామా? కొన్ని కార్లకి కంపెనీలు కొత్త మోడెమ్ వేసి ఇచ్చాయి. మా చెల్లి మోడల్‌కి మాత్రం మార్చే భాగమే లేదని ఉత్తరం వచ్చింది. ఒక్క అమెరికాలోనే కాదు, 2024 ఏప్రిల్లో బ్రిటన్‌లో పాత నిస్సాన్ లీఫ్ కార్లకి యాప్ ఆగిపోయింది. అక్కడ 2జీ మూసేస్తున్నారని.

మన దగ్గర తమాషాగా దీనికి తిరకాసు. 3జీని చాలామటుకు ముందే తీసేశారు, అంతకంటే పాతదైన 2జీ మాత్రం ఇంకా ఉంది. ఇంకా కోట్ల మంది చేతుల్లో బటన్ ఫోన్లున్నాయి మరి. మా సంతకొచ్చే ముసలాళ్ళ నడుముకి కట్టుకున్న సంచిలో ఉండేది ఆ ఫోనే.

"డబ్బిచ్చి కొనుక్కున్నాం కదక్కా, కొన్నది ఎలా తీసేసుకుంటారు?" అని అడిగింది చెల్లి. న్యాయమైన ప్రశ్న. మా ఆయన సైన్సు మాస్టారు కాబట్టి ఆయన్ని అడిగి తెలుసుకున్నాను. కిటికీలోంచి కనబడే కారుకి హీటరు వెయ్యాలన్నా, దాని ఫోన్‌లో నొక్కిన బటన్ ముందు ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరుకి వెళ్తుందట. అక్కడి నుంచి టవరుకి, టవరు నుంచి కారుకి. పది అడుగుల దూరంలో ఉన్నదానికి అంత ప్రయాణం! హీటరు దానిదే. హీటరుకి కబురు తీసుకెళ్ళే మనిషి మాత్రం మొదట్నుంచీ పరాయివాడే. కారు అమ్మినప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.

దానికి నిజమైన కష్టం ఏమిటంటే, ఇప్పుడు ముందుగా బయటికెళ్ళి కారు తీసి హీటరు వేసి రావాలి. ఆ ఐదు నిమిషాలూ పసివాడు ఇంట్లో ఒక్కడే. మరిది తెల్లవారుజామునే డ్యూటీకి పోతాడు. వాడిని ఎత్తుకుని వెళ్దామంటే మంచు మీద జారుతుంది. ఆ వారమంతా రోజూ ఫోన్ చేసి ఏడ్చింది. పిల్లవాడు పుట్టిన కొత్తలో ఆడదాని రోజు ఎంత సన్నని దారం మీద నడుస్తుందో మనకి తెలుసు కదండీ. చూసేవాళ్ళకి అదో చిన్న బటన్.

చివరికి దారి కారులోనే దొరికింది. డాష్‌బోర్డు మీద సెట్టింగుల్లో "బయల్దేరే టైము" అని ఒకటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏడుంబావు అని పెట్టేస్తే, వైరు గోడకుంటే చాలు, ఆ టైముకి కారు తనే వేడెక్కి ఉంటుంది. దానికి టవరూ అక్కర్లేదు, ఎవరి దయా అక్కర్లేదు. డాక్టరు దగ్గరికి వేళకాని వేళ వెళ్ళాల్సిన రోజుల్లో మాత్రం పక్కింటావిడ వచ్చి ఐదు నిమిషాలు కూచునేది.

దాని గొడవ వింటూ నాకు మా కారు గుర్తొచ్చింది.

మేముండేది అరకులో. 2019లో మన దేశంలో "కనెక్టెడ్ కారు" అనే మాట మొదలైంది. ఆ మేలో హ్యుందాయ్ వెన్యూ, జూన్‌లో ఎంజీ హెక్టర్ లోపలే సిమ్‌తో వచ్చాయి. మాది ఆ రెండూ కాదు. 2020లో కొన్న మామూలు పెట్రోలు బండి, కాకపోతే యాప్ ఉంది, మూడేళ్ళు ఉచితం. బండి ఎక్కువగా నడిపేది నేను. ఎస్.కోటలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది, పదిహేను రోజులకోసారి ఘాట్ దిగి వెళ్ళొస్తాను. అరవై కిలోమీటర్ల పైచిలుకు. యాప్ మాత్రం మా ఆయన ఫోన్‌లో. రిజిస్ట్రేషన్ ఆయన పేరున ఉంది కాబట్టి ఆయనే "యజమాని".

అందులో మ్యాపు మీద నీలం చుక్క ఒకటి కదుల్తుంది. అది నేను. బండి ఊరి హద్దు దాటితే ఆయనకో మెసేజు. స్పీడు పెరిగితే ఇంకో మెసేజు. తైడ అడవుల్లోకి వెళ్ళేసరికి సిగ్నల్ పోతుంది, చుక్క అక్కడే ఆగిపోతుంది. నేను అమ్మ పెట్టిన పనసపొట్టు కూరతో అన్నం తింటూ ఉంటే ఫోను. "అరగంట నుంచీ తైడ దగ్గరే ఉన్నావేంటి? టైరేమైనా పోయిందా?"

పోనీలే, భయం కొద్దీ అడుగుతున్నారు అనుకునేదాన్ని. ఘాట్ అలాంటిది. వలిసె పూల కాలంలో చూడ్డానికి వచ్చేవాళ్ళకి అందంగా ఉంటుంది కానీ, డిసెంబరు పొద్దుల్లో మంచు దిగితే ముందున్న బస్సు వెనక లైట్లు కూడా కనబడవు.

ఆ చుక్క సంగతి నాకు బాగా తెలిసింది ఓ అక్టోబరు వానల్లో. ఆ రోజు బండి తీసుకుని వైజాగ్ వెళ్ళింది ఆయన. ఎనిమిదింటికి ఇంటికి రావాలి. తొమ్మిదైంది, రాలేదు. ఫోన్ కలవదు. మా అబ్బాయి వాళ్ళ నాన్న లాగిన్‌తో తన ఫోన్‌లో యాప్ తెరిచాడు. చుక్క ఘాట్ మధ్యలో, లోయ పక్క మలుపులో ఉంది. కదలట్లేదు. నా గుండె ఆగినంత పనైంది. వాడు స్క్రీను పెద్దది చేసి చూస్తే, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ఆ చుక్క 7.52 నాటిదని. గంట కిందటి చోటుని ఇప్పుడున్న చోటులా ధీమాగా చూపిస్తోంది! ఏమీ చూపించకపోయినా అంత భయపడేదాన్ని కాదు.

గొడుగు వేసుకుని బస్టాండు దగ్గర టీ కొట్టుకి వెళ్ళాం. కాసేపటికి కింద నుంచి బైకు మీద తడిసి ముద్దై వచ్చిన ఓ కుర్రాడు చెప్పాడు. "చెట్టు పడిపోనాదమ్మా. కార్లూ బస్సూ ఆగిపోనాయి, కొట్టేస్తన్నారు. మాస్టారు బస్సు ఎనకాల ఉన్నారు, నేను సూసేను." పదకొండున్నరకి ఆయన ఇల్లు చేరారు. ఈ కొండల్లో వార్త అలాగే నడుస్తుంది. ఎక్కేవాడు దిగేవాడికి చెప్తాడు, దిగేవాడు ఎక్కేవాడికి చెప్తాడు.

2023లో మూడేళ్ళూ అయిపోయాయి. ఏడాదికి ఇంత కడితేనే యాప్ అని మెసేజు. ఆయన కట్టేద్దామన్నారు. నేను కూచుని లెక్కేద్దామన్నాను. ఈ మూడేళ్ళలో అది నాకు చేసిన పని ఏమిటి? మండే ఎండల్లో వైజాగ్‌లో నాలుగైదు సార్లు ముందుగా ఏసీ వేసుకున్నాం. బండికి తాళం వేశామో లేదో అని రెండుసార్లు చూసుకున్నాం. అంతే. మిగతాదంతా నా గురించి ఆయనకి చెప్పడమే. ఆయన నడిపినప్పుడు హద్దు దాటారని, స్పీడుగా వెళ్తున్నారని నా ఫోన్ ఒక్కసారైనా మోగిందా?

అప్పుడు నాకో విషయం తేటపడింది. మా చెల్లి పోగొట్టుకుంది, దానికి చాకిరీ చేసిపెట్టే పనిమనిషిని. నేను పోగొట్టుకోబోయేది నా మీద చాడీలు చెప్పేదాన్ని. కంపెనీ వాళ్ళు రెండిటికీ కలిపి ఒకే పేరు పెట్టారు, ఒకే రేటు కట్టారు.

ఈ మాట ఆయనతో అలాగే అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. కాసేపాగి, "అనుమానం కాదే, చుక్క కదుల్తూ ఉంటే ధైర్యంగా ఉంటుంది" అన్నారు. ఆ మాట నిజమేనని నాకూ తెలుసు. వాళ్ళ చిన్నాన్న ఒకాయన ఇదే ఘాట్‌లో లారీ ప్రమాదంలో పోయారు. అందుకని చుక్క బదులు వేరే ఏర్పాటు చేసుకున్నాం. సిగ్నల్ తప్పకుండా ఉండే చోట్లు మాకు తెలుసు. దిగేటప్పుడు అనంతగిరిలో ఒకటి, ఎస్.కోట చేరాక ఒకటి, రెండు ఫోన్లు. ఎవరు వెళ్ళినా సరే, ఆయనైనా నేనైనా. డాష్‌బోర్డు అరలో ఓ కాగితం మీద దారిలో తెలిసినవాళ్ళ నంబర్లు రాసి పెట్టాను. మొదటి నెల ఆయనకి కాలు నిలవలేదు. తర్వాత అలవాటైంది. నాక్కూడా, ఘాట్‌లో ఓ చోట బండి ఆపి పావుగంట ఊరికే లోయ చూస్తూ నిలబడితే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదన్న సంగతి అలవాటైంది.

ఓ ముఖ్యమైన మాట మర్చిపోకముందే చెప్పేస్తాను. యాప్ ఉన్న సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు, పాత యజమాని ఖాతా తీయించారో లేదో అడిగి మరీ చూసుకోండి. తీయించకపోతే మీ బండి ఎక్కడుందో వాళ్ళకి ఇంకా కనబడే వీలుంది. ముఖ్యంగా ఒంటరిగా ఉండే ఆడపిల్లలు. అలాగే, సిగ్నల్ లేకపోయినా ఈ బండి ఏమేం చేస్తుందో షోరూం కుర్రాణ్ణి అడగండి. వాడు కాస్త తడబడతాడు, పరవాలేదు.

అత్యవసరానికి నొక్కే ఎర్ర బటన్ కూడా అంతే. టవరు లేనిచోట అది ఉత్త బటనే. ఈ విషయం కొండల వాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఇంట్లో పనికి సాయం వచ్చే వదిన వాళ్ళ ఊళ్ళో ఓ బండరాయి ఉంది. దాని మీదకి ఎక్కితేనే ఫోన్ కలిసేది. వాళ్ళ కోడలికి నొప్పులొచ్చిన రాత్రి కొడుకు టార్చి పట్టుకుని ఆ బండెక్కి 108కి చేశాడు. మిగతా మగాళ్ళు డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. 2023 జూన్‌లో ప్రభుత్వం ఒకేసారి 100 టవర్లు ప్రారంభించింది, వాటిలో 85 మా అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. ఇప్పుడు వదిన ఇంటి గుమ్మంలోంచే మాట్లాడుతుంది. "అంతా బాగుంది గానీ అమ్మా, గాలివానకి కరెంటు పోతే మళ్ళీ బండే" అంటుంది నవ్వుతూ.

మా చెల్లి కారు ఇంకా నడుస్తోంది. పసివాడు బడికెళ్తున్నాడు. డాష్‌బోర్డులో టైము మార్చడం ఇప్పుడు వాడి పనట.

మా బండి కంపెనీ నుంచి ఇప్పటికీ నెలకోసారి మెసేజు వస్తుంది, రెన్యువల్ మీద ఇంత తగ్గింపు అని. మా ఆయన పైకి చదువుతారు, చదివి నా వైపు చూస్తారు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంటాను.