హైదరాబాద్ నుంచి జిద్దాకు ఆకాశమార్గం

హైదరాబాద్‌కూ జిద్దాకూ మధ్య దూరం ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి ఇది దాదాపు ఆరు గంటల ప్రయాణం. మన పెద్దలకు ఇదే యాత్ర రోజుల తరబడి సాగేది. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి అరేబియా సముద్రం మీద ఓడ. 1995లో ఎం.వి. అక్బరీ ప్రయాణంతో ఆ ఓడల శకం ముగిసింది. నేటి యాత్రికుడు నాంపల్లిలోని హజ్ హౌస్ నుంచి శంషాబాద్ చేరి, ఒక్క పూటలో ఎర్రసముద్ర తీరాన దిగుతున్నాడు.

గోళాకారమైన భూమి మీద రెండు ఊళ్ళ నడుమ అతి దగ్గరి దారి పటంలో వంపుగా కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి ఆ రేఖ పడమరకు కాస్త ఉత్తరంగా బయలుదేరుతుంది. మన మసీదులు ముఖం చేసి నిలిచినదీ దాదాపు ఆ దిక్కుకే. ఐదు పూటలా నమాజులో ఏ వైపు తిరిగి నిలుస్తామో, విమానం సుమారుగా ఆ వైపే సాగిపోతుందన్నమాట.

ఈ ప్రయాణంలో కాలం కూడా సాగుతుంది. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. పగటివేళ పడమరకు ఎగిరే విమానం సూర్యుణ్ణి వెంబడిస్తుంది కనుక, పొద్దు నెమ్మదిగా వాలుతుంది. అస్ర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ వ్యవధి పెరుగుతుంది. ఉపవాసి తాను వదలి వచ్చిన ఊరి గడియారం చూసి ఇఫ్తార్ చేయరాదు. తానున్న చోట సూర్యాస్తమయమయ్యేదాకా వేచి ఉండాలని ధర్మవేత్తలు చెబుతారు.

అసలు జాగ్రత్త మీఖాత్ దగ్గర అవసరం. ఒంటెల బిడారులు నెమ్మదిగా నడిచి, ఆగి, స్నానం చేసి ఇహ్రామ్ ధరించిన సరిహద్దులవి. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం నిమిషానికి 14 కిలోమీటర్లు దాటిపోతుంది. పది నిమిషాలు కునుకు తీస్తే ఆ సరిహద్దు వెనుకబడవచ్చు. ఇహ్రామ్ సంకల్పం లేకుండా దాటినవాడు వెనక్కు వెళ్ళి సంకల్పించాలి, లేదా పరిహారంగా ఖుర్బానీ ఇవ్వాలి. అందుకే నేరుగా మక్కాకు వెళ్ళేవారు ఇంటివద్దనో విమానాశ్రయంలోనో ఇహ్రామ్ వస్త్రాలు ధరించి, ప్రకటన వినగానే సంకల్పం చేసుకోవడం మేలు. వృద్ధులైన తల్లిదండ్రులను పంపే పిల్లలు ఈ ఒక్క మాటను వారికి ముందే విడమరచి చెప్పాలి.

ప్రయాణం సుఖమైనంత మాత్రాన ముసాఫిర్‌కు ఇచ్చిన సడలింపు తొలగిపోదు. జుహర్, అస్ర్, ఇషాల నాలుగు రకాతులు అతనికి రెండే. ఆ సౌలభ్యం దూరానికి ఇచ్చినది, అలసటను కొలిచి ఇచ్చినది కాదు.

జిద్దా నుంచి మక్కాకు రోడ్డు మీద మరో 80 కిలోమీటర్లు. నిజాం ప్రభువుల కాలపు రుబాత్ మన ప్రాంతపు యాత్రికులకు అక్కడ బస కల్పిస్తూ వచ్చింది. ఓడలో గడిచిన రోజులు మన పెద్దల మనసులను కాబా దర్శనానికి సిద్ధపరిచేవి. విమానం ఆ వ్యవధిని మనకివ్వదు. అప్పులు తీర్చడం, అలిగినవారిని క్షమాపణ కోరడం, దుఆలు నేర్చుకోవడం గడప దాటకముందే పూర్తికావాలి.