భోగినాటి చలి

ఆ మధ్య ఒక భోగికి ముందురోజున రీయూనియన్ ద్వీపం నుంచి ఒక పెద్దాయన భార్యతో కూడా యానాం వచ్చారు. ఆయన పూర్వులలో ఒకరు ఈ ఊరినుంచే వెళ్ళి ఓడ ఎక్కినారని వారి ఇంట తరతరాలుగా చెప్పుకుంటారట. ఆయనకు తెలుగు రాదు. నాకు ఫ్రెంచి రాదు. పరాసువారి రోజుల్లో ఇక్కడి బడిలో అక్షరాలు దిద్దిన మా మాష్టారు, ఎనభై దాటినవారు, నడుమ కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేశారు. గోదావరి గట్టుమీద కూర్చోగానే పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, “ఇక్కడ కొండ ఎటువైపు?” అని.

“కొండా! ఇక్కడ చీమలు పుట్ట పెడితే అదే కొండ” అన్నారు మాష్టారు.

నిజమే. యానాం చుట్టూ ఎటు చూసినా ఎత్తయినదంటే కొబ్బరిచెట్టే. గౌతమి నుంచి కోరంగి పాయ చీలేచోట, సముద్రానికి పది మైళ్ళ లోపున, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమీద కూర్చున్న ఊరు ఇది. మొత్తం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. 2002లో వంతెన పడేదాకా ఎదుర్లంకకు పంటు మీదనే దాటేవాళ్ళం. పంటులో కూర్చున్నవాడికి నీరు, గట్టు, ఆకాశం, ఈ మూడే లోకం.

అయినా ఆయన ప్రశ్నలో తప్పు లేదు. రీయూనియన్‌లో పుట్టినవాడికి కొండ లేకపోతే దిక్కు తెలియదు. ఆ ద్వీపమంతా సముద్రగర్భంలోనుంచి అగ్నిపర్వతం లేపిన నేల. 2,512 చదరపు కిలోమీటర్ల చోటులో నడిమి శిఖరం 3,070 మీటర్ల ఎత్తు. ఆగ్నేయాన మరొక శిఖరం ఇప్పటికీ నిప్పులు కక్కుతూనే ఉంటుంది. జనం చాలావరకు తీరం వెంబడి పట్టీలో కాపురం ఉంటారు. తేమతో వచ్చే ఆగ్నేయపు గాలులు కొండకు కొట్టుకుని తూర్పువైపున కుమ్మరిస్తాయి. అక్కడి ఎత్తుల్లో ఏడాదికి 10,000 మిల్లీమీటర్లు దాటిన చోట్లు ఉన్నాయి. కొండకు పడమట, కొద్ది గంటల ప్రయాణంలో, ఎండిన గడ్డినేలలు. 1966 జనవరిలో ఒక తుపానునాడు అక్కడి ఫోక్‌ఫోక్ అనే చోట ఒక్క పగలూ రాత్రిలో 1,825 మిల్లీమీటర్లు, అంటే 72 అంగుళాల వాన కురిసింది. మన యానాంలో అంత వాన కురవాలంటే ఏడాదిన్నర పడుతుంది.

మన నీరు వచ్చే తీరే వేరు. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చే నది ఇది. ఎక్కడో మహారాష్ట్రలోనో, బస్తరులోనో కురిసిన వానకు, ఇక్కడ ఎండ కాస్తూండగా ఎర్రనీరు వస్తుంది. ధవళేశ్వరంలో ఒకటో హెచ్చరిక, రెండో హెచ్చరిక అని ముందు వార్త వస్తుంది. వెనుక వరద వస్తుంది. 1986 ఆగష్టులోను, 2022 జూలైలోను ఇదే వరస. ఆ ద్వీపంలో అటువంటి వ్యవధి ఉండదు. కొండమీద కురిసినది కొద్ది గంటల్లో లోయలగుండా దూకి సముద్రంలో పడుతుంది. ఎర్రనీటికి ఎదురీది వచ్చే పులస మాట ఎత్తగానే మాష్టారికి ఫ్రెంచి మాటలు చాలక చేతులతో చెప్పవలసి వచ్చింది. ధర చెప్పేసరికి మాత్రం పెద్దాయనకు ఏ భాషా అవసరం లేకపోయింది.

యానాంలో పరాసువారు మొదటిసారి వర్తకపు కొఠీ పెట్టినది 1723లో. ఆ ద్వీపానికి అప్పట్లో బూర్బన్ అని పేరు. 1828 నుంచే యానాం ప్రాంతపు తెలుగు కూలీలను ఒప్పందంమీద అక్కడి చెరకుతోటలకు తీసుకువెళ్ళారు. వారిని అక్కడ “తెలింగాలు” అన్నారు. ఒప్పందంలో జీతం, బియ్యం, బట్ట ఇవన్నీ వ్రాసుకుంటారు గాని, “అక్కడ జనవరి నడివేసవి” అని వ్రాసి ఉంటారని నేను అనుకోను.

ఇక్కడ రంగూను సంగతి కూడా చెప్పాలి. మన పాఠకుల ఇళ్ళలో రంగూను కబుర్లు విననివారు తక్కువ. యానాం, రంగూను రెండూ ఉత్తరాన పదహారు, పదిహేడు డిగ్రీల నడుమ, దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. ఇక్కడి సూర్యుడే అక్కడి సూర్యుడు. వాన మాత్రం వేరు. నైరుతి గాలులు మన దగ్గరకు వచ్చేసరికి పడమటి కనుమల మీద చాలా బరువు దించుకుని వస్తాయి. ఆపైన బంగాళాఖాతం మీద మళ్ళీ నింపుకుని బర్మా తీరంమీద పడతాయి. అందుకే రంగూనులో ఏటా నూరంగుళాలు దాటుతుంది, మనకు నలభై అయిదు ఉంటే గొప్ప. అయినా నెలలు తారుమారు కావు. ఐరావతిలో కూడా మన పులస జాతి చేప దొరుకుతుంది. కోరంగి రేవునుంచి వెళ్ళినవారు గనుక బర్మాలో తెలుగువారిని “కోరంగీలు” అన్నారు. కోతలకు, రేవు పనులకు వెళ్ళి, నాలుగు డబ్బులు చేసుకుని, వేసవికి ఇల్లు చేరినవారు ఎందరో. 1942లో యుద్ధం తరిమేదాకా ఆ రాకపోకలు సాగినవి. రోహిణికార్తె అంటే రంగూనులో ఉన్నవాడికీ ఇంటివద్ద ఎండలు మనసుకు తట్టేవి.

భూమధ్యరేఖ దాటినవాడికి ఆ ఆధారం కూడా పోయింది. మన కార్తెలు చుక్కలనుబట్టి పేరుపడ్డవే గాని, వాటి అర్థమంతా ఈ నేలమీది ఎండా వానే. రీయూనియన్‌లో మృగశిరకు తొలకరి రాదు. అది అక్కడ చలికాలం. ఉత్తరాయణం అంటే మనకు సూర్యుడు దగ్గరకు వస్తున్నాడని సంతోషం. వారికి దూరమవుతున్నాడని అర్థం. ఇరవైయొకటో డిగ్రీ దక్షిణాన ఉన్న ఆ ద్వీపంలో సరిగా మన సంక్రాంతి రోజుల్లోనే మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. కర్ర పాతితే నీడ ఉండదు. అదే మధ్యాహ్నం యానాం గట్టుమీద మనిషి నీడ అతని ఎత్తులో ముప్పాతిక పొడుగున ఉత్తరానికి పడుతుంది. అక్కడ మామిడి నవంబరులో మొదలై ఫిబ్రవరికల్లా అయిపోతుంది. ఉగాదినాడు పచ్చడిలోకి మామిడిపిందె వెతకవలసిన గతి అక్కడి తెలుగువాడిది.

తుపాను ఒక్కటే రెండు చోట్లకూ చుట్టం. అదీ తిరుగుడులో తేడాయే: మన దగ్గర గడియారపు ముల్లుకు ఎదురుగా, అక్కడ ముల్లు వెంబడి. మనకు అక్టోబరు, నవంబరు గండం. వారికి సంక్రాంతి నెలలు నడిగండం. కలకత్తాలో ఉండిన పిడింగ్టన్ దొర 1848లో అచ్చువేసిన పుస్తకంలో పాముచుట్టవంటిదని ఈ గాలులకు సైక్లోన్ అని పేరు పెట్టాడు. అప్పటికే మన పొరుగున ఉన్న కోరంగి 1789లోను, 1839లోను ఉప్పెనకు బలి అయి ఉన్నది. మా తరంవారికి గుర్తున్నది 1996 నవంబరు 6. ఆ రాత్రి గోదావరి జిల్లాలలో పోయిన ప్రాణాలు వేయికి పైగా. కూలిన కొబ్బరిచెట్లకు లెక్కే లేదు. ఈ కబురు చెప్పినప్పుడు మాత్రం పెద్దాయన అనువాదం పూర్తికాకముందే తల ఊపారు.

మరునాడు భోగి. తెల్లవారుజామున పొగమంచు నదిమీద దుప్పటిలాగా పరచుకుని ఉన్నది. యానాం చలి అంటే పంతొమ్మిది, ఇరవై డిగ్రీలే, ఉత్తరాదివారు వింటే నవ్వుతారు. అయినా పిల్లలు తాటాకులు, పాత తట్టలు, విరిగిన కుర్చీకాళ్ళు తెచ్చి వేసి చుట్టూ మూగారు. పెద్దాయనకు మాష్టారు తన శాలువ కప్పారు. ఆయన చాలాసేపు మంటకు చేతులు చాచి మాట్లాడకుండా నిలబడ్డారు. తరువాత చెప్పారు: వాళ్ళ నాయనమ్మ ఏటా జనవరి నడుమ ఒకరోజు చీకటితోనే లేచి పెరట్లో నాలుగు చితుకులు వెలిగించేదట. చెమటలు కారే రోజుల్లో ఆ మంట ఎందుకని పిల్లలు నవ్వేవారట. ఎందుకో ఆమెకూ తెలియదు. వాళ్ళ అమ్మ వెలిగించేది గనుక తానూ వెలిగించేదట. ఆమె పోయిన తరువాత మానేశారు.

“ఏ తారీఖున?” అని మాష్టారిని అడిగారు. పదమూడు గాని, పద్నాలుగు గాని, పంచాంగం చూసి చెప్పాలి అన్నారు మాష్టారు. పెద్దాయన జేబులోనుంచి చిన్న పుస్తకం తీసి రెండు అంకెలూ వ్రాసుకున్నారు. ఆవిడ మాత్రం, అక్కడ ఆ రోజుల్లో తుపాను గాలి లేకుండా ఉంటే గదా అని ఏదో అన్నది. మాష్టారు దానిని అనువదించలేదు. తరువాత నేను అడిగితే చెప్పారు.